గోలు వెనక మనిషి

బోధన్,
నవంబరు 9, 2025

ప్రమీలక్కకు,

తమ్ముడు ఆత్మారాం దండాలు. ఉత్తరం చూసి ఎవరు పోయారో అని గుండె పట్టుకోకు. ఎవరూ పోలేదు. పోయింది నా గొంతు ఒక్కటే.

పోయిన నెల మీ కంఠేశ్వర్‌లోనే, నీ ఇంటికి నాలుగు గల్లీల అవతల, నాకు గొంతు ఆపరేషన్ అయింది. నీకు చెప్పలేదు. చెబితే కషాయం సీసా పట్టుకొని ఆస్పత్రికే వచ్చేదానివి. గొంతులో పల్లీ గింజంత కాయ ఉంటే తీసేశారు. భయపడేది కాదని పరీక్షలో తేలింది. కానీ డాక్టరు చెప్పిన మాట విను: "ఫిబ్రవరి దాకా ఒక్క మాట మాట్లాడొద్దు. గుసగుస గూడ వద్దు. ఒక్క అరుపు అరిచినా ఉన్న గొంతు గూడ పోతది, మళ్ల నా దగ్గరికి రావద్దు." పక్కనే ఉన్న తారాబాయి రెండు చేతులెత్తి దేవుడికి మొక్కింది. మొగుడు బతికినందుకా, నాలుగు నెలలు నోరు మూసుకుంటాడనా అన్నది ఇప్పటికీ తేలలేదు.

అందుకే ఆదివారాల ఫోన్ మానేశాను. ఫోన్‌లో రాత నీకు కనబడదు, నా లావు వేళ్ళకు ఆ అక్షరాలు అందవు. కాబట్టి అక్కాతమ్ముళ్ళకు మళ్ళీ పోస్టు డబ్బాయే గతి.

నా అసలు ఏడుపు అది కాదు. జనవరి ఇరవై నాలుగున మన కాలేజీ గ్రౌండులో బోధన్‌కూ నిజామాబాద్‌కూ చెరకు కప్పు ఫుట్‌బాల్ మ్యాచ్. ముప్పై ఒక్క ఏళ్ళుగా నేను ఎక్కడ కూర్చుంటానో నీకు తెలుసు. మన వాళ్ళ దగ్గర కాదు, నిజామాబాద్ కీపరు గోలు వెనక, వలకు మూడు గజాల దూరంలో, స్టూలు మీద. సగం ఆటకు జట్లు వైపులు మారితే నేనూ స్టూలు చంకన పెట్టుకొని మారతాను. చదువుకునే రోజుల్లో జట్టులో చేరతానని పోతే ఆటల మాస్టారు నా పరుగు చూసి, "అరే ఆత్మారాం, నీకు అరుసుడు మంచిగొస్తది, గదే చెయ్యి" అన్నాడు. అదే చేస్తున్నాను. చక్కెర ఫ్యాక్టరీ సైరన్ ఆగిపోయింది గానీ ఆత్మారాం సైరన్ ఆగలేదని ఊళ్ళో అంటారు. పొగడ్త అనే అనుకుంటున్నాను.

నేను బూతులు మాట్లాడను. ఆడపిల్లల జట్లు వచ్చినప్పటి నుంచి "బిడ్డా" అనే మొదలుపెడతాను. కీపరు మనసులో ఏ భయం ఉందో ముందే కనుక్కొని, దాన్ని మెల్లగా పేరు పెట్టి పిలుస్తాను. నిజం కన్నా పెద్ద తిట్టు లేదక్కా. పోయినేడు మీ కీపరుకు ఎండ పడదని తెలిసి, "బిడ్డా, పొద్దు ఇంక కిందికి దిగుతది" అన్నానంతే. రెండు గోల్స్ పడ్డాయి. ఆట అయ్యాక రివాజు ప్రకారం ఆ పిల్ల చెరకు గడ విరిచి సగం నా చేతిలో పెట్టింది. గోలు తిన్న కీపరు వెనక కూర్చున్న అభిమానికి సగం గడ ఇవ్వాలి, ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి తినాలి. కోపం చెరకుతోపాటు నమిలి ఉమ్మెయ్యాలని పెద్దలు పెట్టిన పద్ధతి. నా పళ్ళు ఊడింది వయసుతో కాదు, ఆ గడలతో.

ఈసారి నాకు నోరు లేదు. అరిచే బలగాన్ని తయారు చేస్తాను, కానీ ఏమి అరవాలో తెలియాలి. మీ కాలేజీకి కొత్త కీపరు వచ్చిందట. ఆ పిల్ల ఎవరు, దేనికి భయపడుతుంది, జర కనుక్కొని రాయి. నీ ఇల్లు కాలేజీ తొవ్వలోనే కదా.

నోరు లేని నీ తమ్ముడు,
ఆత్మారాం

కంఠేశ్వర్, నిజామాబాద్,
నవంబరు 17

ఒరేయ్ ఆత్మారాం,

సల్లగుండు. పోస్టుమన్ పిలిస్తె నా పానం సగం పోయింది. ఉత్తరం సదివినంక మిగిలిన సగం పోయింది. నాలుగు గల్లీల అవతల నా తమ్మునికి కత్తి పెడ్తే నాకు తెల్వకపాయె! నేను నీకు ఏమైతనురా, పక్కింటి ఈరవ్వనా? తారాబాయికి గూడ చెప్పు, ఆమె మీద గూడ కోపమే ఉన్నది.

కషాయం పంపుతున్న. మిరియాలు, తులసాకు, అతిమధురం. పొద్దున పరగడుపున తాగు. తాగనని మొండికేస్తె అరవనీకి నోరు లేదు గద, ఇప్పుడు తారాబాయి ముక్కు మూసి పోస్తది.

నీకు అరవై ఒకటి నడుస్తున్నది. మనుమరాండ్ల ఈడు పిల్లల ఎనక స్టూలేసుకొని కూసోని, వాళ్ల భయాలు ఏరుకుంట తిరుగుతవు. గొంతుల కాయ ఎందుకైందో డాక్టరుకు తెల్వదు గని నాకు తెలుసు. దేవుడు జర గట్టిగనే చెప్పిండు, నీకే సమజ్ గాలే.

నన్ను జాసూసు పని చెయ్యమంటవా? చేతుల బీడీ ఆకు, ఒళ్లె చాట, ఈ వయసుల నాకిదొక్కటే తక్కువైంది. సరే, సూస్త. కనుక్కుంట. పుట్టిల్లు బోధన్, ఏం చేస్త.

ఇక్కడ రాజేష్, కోడలు మంచిగున్నరు. మనుమరాలు దీక్షిత కాలేజీకి పోతున్నది. ఏదో ఆట గూడ ఆడుతదట, ఖోఖోనో ఏందో. పొద్దుగూకినంక మోకాళ్లు గీరుకొని వస్తది.

నోరు మూసుకో. నాలుగు నెలలు. నా మీద ఒట్టు.

నీ అక్క

బోధన్,
డిసెంబరు 1

అక్కకు,

కషాయం అందింది. శత్రువులకు కూడా వద్దు.

మాట్లాడని మొగుడు దొరికాక తారాబాయి రంగు తేలింది. ఇప్పుడు ఏ సంగతైనా నాకు చెప్పి, "నువ్వేమంటవు?" అని అడిగి, నేను పలక మీద రాసే లోపల, "సరే, నువ్వు గూడ గదే అంటున్నవు గద" అని పోతుంది. ఇంటికి పచ్చరంగు అట్లాగే పడింది. నేను పలక ఎత్తి చూపిస్తే "గప్ బసా" అంటుంది, వాళ్ళ మరాఠీలో నోరు మూసుకోమని. మూసుకునే ఉన్నాను కదా, ఇంకెంత మూసుకోవాలి?

బలగాన్ని తయారు చేశాను. నాతోపాటు ఫ్యాక్టరీలో కాంటా దగ్గర పనిచేసిన రామ్‌దాస్ ఉన్నాడు కదా, వాడిప్పుడు నా నోరు. నేను పలక మీద రాస్తే వాడు రేడియో వార్తల్లాగా చదువుతాడు, ముప్పై మంది కాలేజీ పిల్లలు అరుస్తారు. నేను రుమాలు పైకి ఎత్తితే గట్టిగా, కిందికి దించితే మెల్లగా. మొదటి రోజు ఈగలు ముసిరితే రుమాలు విసిరాను. అది తెలియక ముప్పై మంది గొంతు చించుకున్నారు. పక్కన క్లాసులో పరీక్ష రాస్తున్నవాళ్ళు బయటికి వచ్చారు. ప్రిన్సిపాల్ పిలిచి మందలిస్తే జవాబు చెప్పడానికి నోరు లేక, పలక మీద "క్షమించాలి" అని రాశాను. తొందరలో వెనక వైపు చూపించాను. అక్కడ "జల్లెడ చేతుల పిల్లా" అని ఉంది.

రోజూ సాయంత్రం మన అమ్మాయిల ప్రాక్టీసు చూస్తున్నాను. మాట్లాడకపోతే కళ్ళకు పని పెరుగుతుందని ఇప్పుడే తెలిసింది. పెనాల్టీ కొట్టే సుమన అనే పిల్ల ఉంది, కాలు కాదు, ఫిరంగి. ఆమె నాలుగు అడుగులు వెనక్కి వేసి వచ్చి కొడితే బంతి కీపరుకు ఒక పక్కకు పోతుంది. ఆరు అడుగులు వేస్తే రెండో పక్కకు. నెల రోజుల్లో ఒక్కసారి తప్పలేదు. ఈ సంగతి ఆమెకే తెలియదు, ఇంకెవరికీ తెలియదు. నాలుగంటే ఏ పక్కో నీకు కూడా చెప్పను, నువ్వు నిజామాబాద్ మనిషివి. చెబితే నడక మారుస్తుంది.

అక్కా, కీపరు సంగతి ఏమైంది? బలగానికి గొంతులున్నాయి, మాట లేదు. జల్దీ రాయి.

ఆత్మారాం

కంఠేశ్వర్,
డిసెంబరు 11

తమ్ముడా,

కనుక్కున్న. రాసుకో.

పిల్లకు పందొమ్మిదేండ్లు. పొడుగు మనిషి. ఎడమకు బంతి వస్తె పిల్లి లెక్క దునుకుతది. కుడికి భయం. పోయినేడు కుడికి దునికి పడితె మణికట్టు ఇరిగింది. రెండు నెలలు పట్టీ. అది మంచిగైంది గని భయం మంచిగ గాలే. కుడికి బంతి వస్తె ఒక్క గడియ ఆగుతది. ఆ గడియలనే బంతి పోతది. భయమైనప్పుడు జడ కొస నోట్లె పెట్టుకుంటది, సూస్తె తెలుస్తది.

ఇవన్ని నాకెట్ల తెలుసంటవా? ఆ పిల్ల రోజు పొద్దుగాల మా వాకిట్ల తునికాకు బస్తాలు పరుసుకొని, వాటి మీదికి కుడికి దునుకుతది. దునుకుతది, లేస్తది, ఏడుస్తది, మళ్ల దునుకుతది. నా ఆకు నుగ్గు నుగ్గు అయితున్నది.

పేరు దీక్షిత. మన రాజేష్ బిడ్డ. నీ మనుమరాలేరా.

ఖోఖో అని అబద్ధం జెప్పిన. నువ్వు పిచ్చోనివి, ఆట సంగతి తెలిస్తె దానితోని గూడ తగులాట పెట్టుకుంటవని దాసిన. ఇప్పుడెందుకు చెప్పినవంటే, అదే అన్నది: "బోధన్ తాతకు రాయి అవ్వా. ఎనకకెళ్లి ఎవరో అరిస్తె నాకు పరేషాన్, తాత అయితె ఏం గాదు." నీ మీద దానికి గంత నమ్మకం. ఇగ నీ ఇష్టం.

నీ అక్క ప్రమీల

బోధన్,
డిసెంబరు 14

అక్కా,

ఏమి పని చేశావు! ఏమి పని చేశాను!

నీ ఉత్తరం వచ్చినప్పుడు నేను గ్రౌండులో ఉన్నాను. పోస్టుమన్ అక్కడికే తెచ్చాడు. కీపరు సంగతి వచ్చిందని ముప్పై మంది చుట్టూ చేరారు. నాకు నోరు లేదు కదా, విప్పకుండానే కవరు రామ్‌దాస్ చేతికిచ్చాను. వాడు స్టూలెక్కి చదివాడు. కుడికి భయం, మణికట్టు, జడ కొస, అన్నీ. పిల్లలు ఈలలు వేశారు. మన సుమన కూడా అక్కడే నిలబడి, "కుడికి కొడితె అయిపాయె గద" అంది. నేను నవ్వుతూ రుమాలు ఊపుతున్నాను అక్కా, పెండ్లికొడుకు తండ్రిలాగా.

"పేరు దీక్షిత" అనే దగ్గర రామ్‌దాస్ గొంతు ఆగిపోయింది. ఆగిపోయి, రేడియోవాడు కదా, చదవడం మానడు, "నీ మనుమరాలేరా" దాకా చదివాడు. అందరూ నా ముఖం చూశారు.

"ఈ మాటలు వాడొద్దు" అని పలక మీద రాశాను. రామ్‌దాస్ తుడిచేశాడు. "అన్నా, నిజం కన్న పెద్ద తిట్టు లేదని నువ్వే నేర్పినవు. బోధన్ ముందా, బంధుత్వం ముందా?" అన్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ ప్రశ్న నేను ఊళ్ళో అందరినీ అడిగాను. 'బోధన్ ముందు' అనని వాళ్ళకు చాయ్ కూడా తాగించలేదు. ఇప్పుడు నా జవాబు కోసం అందరూ చూస్తుంటే సుద్దముక్క విరిగింది. నేనే విరిచాను.

ఇంటి గుట్టు లంకకు చేటు అంటారు. లంకకైనా ఒక్క విభీషణుడు. ఇక్కడ ఉత్తరం రాసింది నువ్వు, చదివించింది నేను, విన్నది ఊరు.

పిల్లకు ఏమని చెప్పను?

ఆత్మారాం

కంఠేశ్వర్,
డిసెంబరు 27

ఆత్మారాం,

పది రోజులు నీకు రాయొద్దనుకున్న. అంత కోపమొచ్చింది. ఉత్తరం అంటే బారాతుల బ్యాండా, నడి గ్రౌండుల చదివిస్తరా?

తర్వాత నవ్వొచ్చింది. నీ తల్కాయ తెలిసి తెలిసి నేనే రాసిన. చేతులు కాలినంక ఆకులు పట్టుకొని ఏం లాభం, ఆకులు గూడ అది నుగ్గు చేసింది.

ఒక్క మాట నీకు తెల్వాలె. ఈ మ్యాచ్‌కు యూనివర్సిటీ జట్టుకు పిల్లలను తీసుకునేటోళ్లు వస్తున్నరు. రాజేష్ ఖరాఖండిగ చెప్పిండు: "ఎంపికైతె ఆడు. కాకుంటె ఇగ ఆట బంద్, చెయ్యి మళ్ల ఇరగ్గొట్టుకుంటవా?" వాని భయం వానిది, తండ్రి గద. పిల్ల తెల్లారి ఇంక రెండు బస్తాలు ఎక్కువ పరుసుకున్నది.

నీ బలగం సంగతి దానికి చెప్పిన. దాచలే. జర సేపు జడ నమిలింది. "తాత గూడ అరుస్తడా?" అని అడిగింది. వానికి గొంతు లేదు బిడ్డా అన్న. "తాత అరవకుంటె చాలు" అన్నది.

నేను గూడ దానికి ఒక ఉపాయం చెప్పిన. ఏందో నీకు చెప్ప. నువ్వు బోధనోనివి.

వస్తె మా దిక్కు కూసో. లేకుంటె ఇంట్ల పండు.

నీ అక్క

బోధన్,
జనవరి 7, 2026

అక్కకు,

రెండూ చేయలేను. ఇంట్లో పడుకుంటే ముప్పై ఒక్క ఏళ్ళ తర్వాత ఆ స్టూలు ఖాళీగా ఉంటుంది. మీ దిక్కు కూర్చుంటే తారాబాయి కూడా అన్నం పెట్టదు, ఆమె నాకన్నా బోధన్. గోలు వెనకే కూర్చుంటాను. రుమాలు తీసుకుపోను. గొంతు పోవడం ఇంత అదృష్టమని ఆపరేషన్ బల్ల మీద తెలియలేదు. నోరుంటే ఏదో ఒక పక్క మాట్లాడాల్సి వచ్చేది కదా.

ఇన్నేళ్ళు అభిమానం అంటే కడుపులోంచి వచ్చేది అనుకున్నాను. నిజం చెప్పనా? నేను ఏ ఆటా ఆడలేదు, ఫ్యాక్టరీలో బండ్లు తూచాను, అది మూతపడ్డాక రెండెకరాల చెరకు. ఏడాదికి ఒక్కరోజు ఆ స్టూలు మీద నేను ఎవరో ఒకణ్ని. ఆ ఒక్కరోజు కోసం ఎందరు పిల్లల చేత జడలు నమిలించానో లెక్క లేదు. వాళ్ళకు కూడా ఎవరో ఒక అవ్వ ఉండే ఉంటుంది, వాకిట్లో బస్తాలు పరిచే అవ్వ. నాకు ఒక్కసారి కూడా తట్టలేదు, చూడు.

పిల్లకు చెప్పు, తాత నోరు తెరవడని. నీ ఒట్టు కూడా ఉంది.

ఆత్మారాం

బోధన్,
జనవరి 27

అక్కా,

ఇరవై నాలుగున నువ్వు దూరంగా మీ బస్సు పక్కన ఉన్నావు. గోలు దగ్గర ఏమి జరిగిందో నీకు కనబడి ఉండదు. కనబడింది అనుకుంటున్నావు కదా, అది కాదు. ఓపికగా చదువు.

పొద్దున్నే గ్రౌండు నిండింది. గట్లు చాలక రైతులు ట్రాలీలు తెచ్చి వరసగా నిలబెట్టారు, వాటి మీద నాలుగు వరసల జనం. అవతలి రాష్ట్రం నుంచి వచ్చిన చెరకు రసం బండివాడు "ఊసాచా రస్" అని కేకలు. మైకులో సన్మానాలు. డప్పులు. నేను స్టూలు పట్టుకొని వస్తుంటే జనం లేచి తొవ్వ ఇచ్చారు. సిగ్గు లేని మనిషిని, ఛాతీ పొంగింది.

దీక్షి వచ్చి గోలు ముందు నిలబడింది. వెనక్కి చూసింది, నన్ను చూసి చిన్నగా తల ఊపింది. అప్పుడే రామ్‌దాస్ చెయ్యి ఎత్తాడు. "కుడి! కుడి! కుడి!" ముప్పై మంది అనుకున్నాను, ట్రాలీల మీద జనం కూడా కలిశారు. ఊరు ఊరంతా ఒక్క పిల్ల మణికట్టు మీద అరిచింది అక్కా. నా జీవితంలో నేను కట్టిన కచేరీలన్నిటిలోకీ గొప్ప కచేరీ అదే. చెవులు మూసుకున్నాను.

అది జడ కొస నోట్లో పెట్టుకుంది. మొదటి బంతి కుడికే. ఆగలేదు. దునికింది. పట్టింది. రెండోది కుడికి, పట్టింది. సగం ఆట అయ్యాక స్టూలు చంకన పెట్టుకొని దాని వెనకే అటు పోయాను. మూడోది కుడికి, వేళ్ళ కొసలతో పైకి తోసింది. లేచి ఆ మణికట్టును చూసుకొని నవ్వింది. నేను స్టూలు మీద ఏడుస్తున్నాను. జనం నా ఏడుపు చూసి, బోధన్‌కు గోల్ పడడం లేదని ముసలోడు ఏడుస్తున్నాడు, ఏమి అభిమానం అనుకున్నారు.

ఆఖరు నిమిషంలో పెనాల్టీ. సున్నా సున్నా. సుమన బంతి పెట్టింది. వెనక్కి అడుగులు వేసింది. నేను లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆగింది.

నాలుగు అంటే కీపరుకు ఎడమ. ఊరంతా కుడి కుడి అని అరుస్తోంది. దీక్షి బరువంతా కుడి కాలు మీద ఉంది. నేను దాని వెనకే ఉన్నాను, దాని ఎడమే నా ఎడమ. ఈ లోకంలో ఆ సంగతి తెలిసిన మనిషిని నేనొక్కణ్నే.

నువ్వు పెట్టిన ఒట్టు, డాక్టరు మాట, ముప్పై ఒక్క ఏళ్ళ బోధన్, ఏవీ గుర్తు రాలేదు. లేచి అరిచాను. "దీక్షీ! ఎడమకు! ఎడమకు బిడ్డా!"

ఆ గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో! డప్పులు ఆగాయి. దీక్షి వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఆ చూపు నాకు రోజూ కనబడుతోంది. తిరిగి, కుడికి దునికింది. బంతి ఎడమకు పోయింది.

బోధన్ గెలిచింది. రామ్‌దాస్ నన్ను భుజాల మీదికి ఎత్తాడు. "ఏం తల్కాయ్ అన్నా! సొంత మనుమరాలికి నిజం చెప్పినవు, అది అబద్ధమనుకొని అటు దునికింది! గొంతు గూడ ఊరి కోసమే ఇచ్చినవు!" అని మైకులో చెప్పాడు. ప్రిన్సిపాల్ శాలువా కప్పాడు. తారాబాయి మొదటిసారి నన్ను చూసి గర్వపడింది. నేను నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. పలక తీసి, "నేను పిల్లను గెలిపించాలనే చెప్పిన" అని రాశాను. రామ్‌దాస్ మైకులో చదివాడు. జనం కడుపులు పట్టుకొని నవ్వారు.

దీక్షి చెరకు గడ తెచ్చింది. మోకాలి మీద పెట్టి విరిచింది. సగం నా చేతిలో పెట్టింది, ముఖం చూడకుండా. ఎదురెదురుగా నిలబడి తిన్నాం. అది నమిలి ఉమ్మి పోయింది. నేను మింగాను, పిప్పితో సహా.

నిన్న డాక్టరు చూశాడు. తిట్టలేదు, అదే భయమేసింది. గుసగుస ఒక్కటే మిగులుతుందట, అది కూడా పక్కన కూర్చున్న వాళ్ళకు మాత్రమే.

నేను ఒకే ఒక్కసారి బోధన్‌కు ద్రోహం చేశాను అక్కా. దానికి శాలువా ఇచ్చారు.

ఆత్మారాం

కంఠేశ్వర్,
ఫిబ్రవరి 4

నా తమ్ముడా,

ఈ ఉత్తరం రాసుకుంట ఏడుస్తున్న, అక్షరాలు తడిస్తె ఏమనుకోకు.

ఉపాయం చెప్పిన అన్న గద. అది గిదే: "నీ తాత నోరు తెరిస్తె, వాడు ఏ దిక్కు అంటె దానికి ఎదురు దిక్కు దునుకు. వాడు అమ్మ కడుపులకెళ్లే బోధనోడు. ఆ స్టూలు మీద కూసున్నంక వానికి అక్క లేదు, మనుమరాలు లేదు." గట్ల చెప్పిన. నా నోటితోని చెప్పిన. అది నా మాట విన్నది.

నీ గొంతు నేను తిన్న. అరవై ఏండ్లకెళ్లి నిన్ను సూస్తున్న, అయినా నాకు నువ్వు తెల్వలే.

దీక్షి పది దినాలు నీ పేరు ఎత్తలే. నిన్న నీ ఉత్తరం దానికిచ్చిన. నాలుగు సార్లు సదివింది. నాలుగోసారి సదివి, బస్తాల మీద బోర్ల పండుకొని ఏడ్చింది. లేచి తనే రాసింది. ఇందులనే పెడుతున్న.

ఎంపికైందిరా! ఆ సార్లు అన్నరట, "పెనాల్టీ ఎవరైనా తింటరు, కుడికి పట్టిన మూడు బంతులు ఎవరు పడతరు?" అని. రాజేష్ బజారుకు పోయి కొత్త గ్లౌజులు తెచ్చిండు.

కషాయం మళ్ల పంపుతున్న. గుసగుస కోసం.

నీ అక్క

(కవరులోనే, నోట్‌బుక్ కాగితం మీద)

బోధన్ తాతా,

నువ్వు అరిచినప్పుడు నేను నీ ముఖం చూసిన. నిజం చెప్తున్నవని అర్థమైంది తాతా. అయినా అవ్వ మాటే విన్న. అది నేను అవ్వకు చెప్పలే, నీకే చెప్తున్న.

గడ ఇచ్చినప్పుడు నీ ముఖం చూడనందుకు సారీ. నా సగం బస్సు కిటికీలకెళ్లి పారేసిన. ఇప్పుడు బాధైతున్నది.

వచ్చే ఏడు కూడా నా గోలు వెనకే కూసో. నీకు గొంతు లేకుంటే ఏమైతది, రుమాలు ఉంది గద. నువ్వు ఏ పక్కకు ఊపితే నేను ఆ పక్కకే దునుకుత. అవ్వ ఏం చెప్పినా వినను.

దీక్షిత

బోధన్,
ఫిబ్రవరి 10

దీక్షి బిడ్డకు,

తాత రాస్తున్నాడు. నీ కాగితం రామ్‌దాస్‌తో చదివించలేదు. తలుపు వేసుకొని నేనే చదువుకున్నాను. మీ తారాబాయి అమ్మమ్మ కిటికీలోంచి చూసి, "నవ్వుతున్నవా, ఏడుస్తున్నవా, ఒక్కటి సరిగ్గ చెయ్యి" అంది.

మీ అవ్వను ఏమీ అనకు. ఆమె చెప్పింది ముప్పై ఒక్క ఏళ్ళ పాటు నిజమే. ఒక్కరోజు తప్పు అయింది. ఆ తప్పు కూడా నాదే, ఎవరికీ చెప్పకుండా మారాను.

శాలువా పెట్టెలో పెట్టాను. రేపో మాపో రామ్‌దాస్‌ను పక్కన కూర్చోబెట్టుకొని అసలు సంగతి గుసగుసగా చెబుతాను. నమ్మడు. నమ్మితే చాయ్ బంద్ చేస్తాడు. రెండిటికీ సిద్ధంగానే ఉన్నాను.

వచ్చే ఏడు నీ వెనకే కూర్చుంటాను. కానీ రుమాలు ఇంట్లో పెట్టి వస్తాను బిడ్డా. కుడికి ఊరంతా అరుస్తుంటే మూడు బంతులు పట్టినప్పుడు నేను నీకు ఏమీ చెప్పలేదు, మీ అవ్వా చెప్పలేదు. నీకు మేము చెప్పినప్పుడే గోల్ పడింది. నీకు తోచిన పక్కకు దునుకు. నేను వెనక ఉన్నానని తెలిస్తే చాలు.

ఇంకొక్క మాట. వచ్చే ఏడు నాకు చెరకు గడ ఇచ్చే పని నీకు పడకూడదని బోధన్ ఆత్మారాం కోరుకుంటున్నాడు. ఈ ముక్క చదివి వెంటనే చింపెయ్యి. ఊళ్ళో బతకాలి.

నీ తాత